నగరపు అంచున చిన్న ఫ్లాటు: కొనుటకు ముందు రైతు చూడవలసిన లెక్క

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతములనుండి చదువులకును ఉద్యోగములకును హైదరాబాదు చేరిన పిల్లలు గల కుటుంబములు మన సభ్యులలో పెక్కు కలవు. నగరపు అంచున క్రొత్తగా పెరుగుచున్న పేటలలో చిన్న ఫ్లాటు కొనవచ్చునా యని వారు మమ్ము అడుగుచున్నారు. విజయవాడ బాటపై హయత్‌నగరు, పెద్ద అంబర్‌పేట. శ్రీశైలము బాటపై తుక్కుగూడ. బెంగుళూరు బాటపై శంషాబాదు: మన బస్సులు నగరము చేరు దారు లివియే గనుక మనవారి చూపు సహజముగా ఇచ్చటనే పడుచున్నది. కొనుట తప్పని మేము చెప్పము. కాని చేను అమ్మిన సొమ్ముతోనో, భూసేకరణ పరిహారముతోనో కొనువారు ఒకమారు పొరపడినచో దానిని దిద్దుకొనుట కష్టము. అందుచే ముఖ్యవిషయములను కొన్నిటిని విశదపరచుచున్నాము.

కొనునది యేమి?

ఫ్లాటు కొన్నవానికి కట్టడములోని తన గదులపై హక్కును, దాని క్రింది నేలలో అందరితో కలసిన అవిభక్త భాగమును లభించును. ఆ భాగము 35 గజము లనుకొందము. గుంటకు 121 గజములు, ఎకరమునకు 4,840 గజములు. ఎకరము అమ్మి ఇట్టి ఫ్లాటు కొన్నవానికి మిగులు నేల గుంటలో మూడవవంతునకు లోపే. అదియు విడదీసి దున్నుకొనుటకు గాని, అమ్ముకొనుటకు గాని వీలుకానిది. కట్టడము ఏటేట పాతబడును. కావున ఫ్లాటును నివాసముగా నెంచవలెను గాని, చేనికి మారుగా నెంచరాదు.

వైశాల్యమును గూర్చియు జాగ్రత్త వలయును. అమ్మువారు చెప్పు 1,000 చదరపు అడుగులలో మెట్లు, నడవలు, లిఫ్టు మొదలగు ఉమ్మడి స్థలములును చేరియుండును. తలుపు మూసికొన్న పిమ్మట లోపల మనకు మిగులు కార్పెట్ వైశాల్యము 700 అడుగులే యైనచో, అడుగు 5,000 రూపాయలని విన్న ధర వాస్తవముగా 7,140 రూపాయలకు పైబడును. 2016 నాటి రేరా చట్టము కార్పెట్ వైశాల్యమును స్పష్టముగా నిర్వచించినది. ఒప్పందములో ఆ సంఖ్యనే వ్రాయించుకొనవలెను.

సొమ్ము లెక్క

పై ఫ్లాటు వెల 50 లక్షలు. కట్టుచుండగా కొన్నచో జి.ఎస్.టి. నూటికి 5 వంతున రెండున్నర లక్షలు. పూర్తియైనట్లు ధ్రువపత్రము వచ్చిన పిమ్మట కొన్నచో ఈ పన్ను లేదు. 2019 ఏప్రిలు 1 నుండి, హైదరాబాదు వంటి నగరములలో 60 చదరపు మీటర్లకు మించని కార్పెట్ వైశాల్యమును, 45 లక్షలకు మించని వెలయు గల యిండ్లకు పన్ను నూటికి 1 వంతుగా నిర్ణయింపబడినది. స్టాంపు, బదిలీ, రిజిస్ట్రేషను రుసుములు తెలంగాణమున 2021 జూలైలో మొత్తము నూటికి 7.5 వంతునకు పెంపబడినవి. ఆ రేటున 3,75,000 రూపాయ లగును.

30 లక్షలకు మించి 75 లక్షల వరకు గల గృహఋణము ఇంటి విలువలో నూటికి 80 వంతులు మించరాదని రిజర్వు బ్యాంకు నియమము. ఈ లెక్కన ఋణము 40 లక్షలు. చేతినుండి పెట్టవలసినది పన్నులతో కలిపి 16 లక్షలకు పైగా. నూటికి 9 వడ్డీతో 20 ఏండ్లకు నెలసరి వాయిదా సుమారు 36,000 రూపాయలు. చెల్లించు మొత్తము సుమారు 86 లక్షలు.

ఇచ్చట ఒక్కమాట గుర్తింపవలెను. పంటఋణమునకు గడువు పంట చేతికి వచ్చువరకు. గృహఋణమునకు గడువు ప్రతినెల. వానకాలపు పంటను, యాసంగిని నమ్మి నెలవాయిదా తలకెత్తుకొనరాదు. ఉద్యోగము చేయు కుమారుని లేక కుమార్తె జీతము నుండి తీరగలిగినచో సరే. లేనిచో అద్దె యిల్లే మేలు.

కాగితములు

500 చదరపు మీటర్లకు మించిన స్థలములో ఎనిమిదికి మించిన ఫ్లాట్లు కట్టువారు రేరాయందు నమోదు కాకుండ ప్రకటన చేయుటకు గాని, అమ్ముటకు గాని వీలులేదు. “ప్రీ లాంచ్” పేరిట సగము ధరకే యిత్తుమని నమోదునకు ముందే సొమ్ము అడుగువారికి బయానా యీయవలదు. నమోదైన పిమ్మట కూడ, ఒప్పందము రిజిస్టరు కానిదే వెలలో నూటికి 10 వంతులకు మించి తీసికొనరాదని చట్టము. కొనుగోలుదారులనుండి వచ్చిన సొమ్ములో 70 వంతులు భూమికిని నిర్మాణమునకును మాత్రమే వాడబడునట్లు ప్రత్యేకఖాతాలో నుంచవలెను. ఇల్లు అప్పగించిన పిమ్మట ఐదేండ్లలో కట్టడమున లోపము బయటపడినచో కట్టినవారే ఖర్చులేకుండ బాగుచేయవలెను.

శిఖము భూమి యననేమో మన రైతులకు తెలియును. నగరమునందును ఆ విచారణయే చేయవలెను. 10 హెక్టార్లును అంతకు మించియు నున్న చెరువుల హద్దునుండి 30 మీటర్లు, చిన్నవాటికి 9 మీటర్లు కట్టడము లేకుండ విడువవలెనని 2012 నాటి నిబంధనలు. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా ఆ యేడే చెరువుల పరిధిలోని కట్టడములను కూలగొట్టెను. కావున పాత పహాణీలు, చెరువు పటము, ఈ.సి., నిర్మాణపు అనుమతి చూడక ముందడుగు వేయరాదు.

పేట యెట్టిది?

ఎల్.బి. నగర్ నుండి అమీర్‌పేట వరకు మెట్రో 2018 సెప్టెంబరు 24న నడచినది. దానిని హయత్‌నగరు వరకు పొడిగించు ప్రతిపాదనను 2024లో రాష్ట్ర ప్రభుత్వము ఆమోదించినది. నడచుచున్న రైలునకు వెల యీయవచ్చును; ప్రతిపాదనకు ఈయరాదు. నీటి సంగతియు నట్టిదే. కృష్ణా జలములు మన నల్లగొండ ప్రాంతపు అక్కంపల్లి జలాశయము మీదుగా నగరమునకు పోవుచున్నవి. అవి ఆ వీధికి చేరినవో, లేక ట్యాంకరే గతియో వేసవిలో పోయి అచ్చట కాపురమున్నవారిని అడుగవలెను.

తుదిమాట. ఫ్లాటు కొన్నవారందరు సంఘముగా నేర్పడి లిఫ్టు, నీరు, మరమ్మతులు నడుపుకొనవలసియుండును. కాలువనీటిని వంతులవారీగా పంచుకొనిన మనకిది క్రొత్త కాదు. బయానా యిచ్చుటకు ముందు కాగితములను సంఘ కార్యాలయమునకు తెచ్చి పదిమందితో చదివించుకొనుడు. ఒక వారము ఆలస్యమైనందున చేజారు ఫ్లాటు పోయినను మరియొకటి దొరకును. అమ్మిన చేను మరల దొరకదు.