సముద్రానికి సుత ఒక టైం ఉంటది

మన దిక్కు పోరగాండ్లకు రెండు రోజులు సెలవు దొరికితే సాలు, సముద్రం యాదికొస్తది. శుక్రారం రాత్రి బండ్లు కడితే తెల్లారేసరికి బాపట్ల. ఆడికెళ్లి తొమ్మిది కిలోమీటర్లు పోతే సూర్యలంక. ఇంకొందరు చీరాల దిక్కు, ఇంకొందరు మచిలీపట్నం, ఇంకా పైసలుంటే విశాఖ, భీమిలి. మన రాష్ట్రానికి సముద్రం లేదు గదా, అందుకే మనకు ఆశ ఎక్కువ. దాంట్ల తప్పేం లేదు. కూలికి పోయే పోరడు సుత పైసా పైసా కూడబెట్టుకొని ఒక్కపారన్న సముద్రం చూడాలె. తిరుగుడు ఉన్నోళ్ల సొమ్ము కాదు.

గని ఒక్క ముచ్చట అడుగుతా. పోయే ముందు బండి సర్వీసింగ్ చేపిస్తం. పెట్రోల్ లెక్క ఏస్తం. టెంటు కిరాయికి తెస్తం. ఎవలు వంట, ఎవలు ఫొటోలు అన్నీ మాట్లాడుకుంటం. మరి ఆడ నీళ్లు ఎన్ని గంటలకు వస్తయో, ఎన్ని గంటలకు పోతయో మనల ఎంతమంది చూస్తం? గా ఒక్క లెక్క తెల్వకనే మన పిలగాండ్లు పానాల మీదికి తెచ్చుకుంటున్నరు.

నా ముచ్చటే చెప్తా. శానేండ్ల కింద ఐదుగురం దోస్తులం మూడు బండ్ల మీద పోయినం. పున్నమి రోజు అని పనిగట్టుకొని పోయినం, ఎన్నెల మంచిగుంటదని. సాయంత్రం మూడున్నరకు ఒడ్డుకు చేరినం. అబ్బ, ఎంత ఇసుక! నీళ్లు ఏడనో దూరంగ ఉన్నయి. నీళ్లకు ముప్పై అడుగుల ఇవతల టెంటు ఏసినం, బండ్లు పక్కకే పెట్టినం. చీకటి పడ్డది, అన్నం తిన్నం, పాటలు పాడినం. ఎనిమిది దాటినంక వలలు సదురుకొని పోతున్న ఒక ముసలవ్వ మమ్ముల చూసి ఆగింది. "ఏం బాబూ, పోటు వస్తంది, కనబట్లా? ఎత్తండి ఎత్తండి" అన్నది. మేము నవ్వినం. అరగంట అయినంక టెంటు కిందికెళ్లి చల్లగ తగిలింది. లేచి చూస్తే ఒక బండి చక్రం సగం మునిగి ఉన్నది. అందరం కలిసి గుంజితే అది ఎల్లింది. ఆ రాత్రి మేము తాగి పండుకొని ఉంటే ఏమయ్యేదో మీరే ఊహించుకోండ్రి. ఆమె పుస్తకం చదివి చెప్పలే. పుట్టినకాడికెళ్లి చూస్తున్నది గనుక చెప్పింది.

మరి ఆమెకు తెలిసింది ఏంది, మాకు తెల్వంది ఏంది?

మనం చెరువోళ్లం. చెరువు నీళ్లు వాన పడితే పెరుగుతయి, ఎండకు తగ్గుతయి. మత్తడి దుంకితే అదొక పండుగ. పొద్దుగాల ఏడున్న నీళ్లు మాపటికి ఆడనే ఉంటయి. సముద్రం గట్ల కాదు. అది రోజుకు రెండుమార్లు ముందుకొస్తది, రెండుమార్లు ఎనుకకు పోతది. ముందుకొస్తే పోటు, ఎనుకకు పోతే ఆటు.

దీనికి కారణం చంద్రుడు. చంద్రుడు భూమి మీది నీళ్లను తన దిక్కు గుంజుతడు. చంద్రునికి ఎదురుగ ఉన్న దిక్కు నీళ్లు జర ఉబ్బుతయి. దానికి సరిగ్గ అవతలి దిక్కున సుత ఇంకో ఉబ్బు వస్తది. భూమి తిరుగుతనే ఉంటది గదా, మన ఒడ్డు గా రెండు ఉబ్బుల కిందికెళ్లి పోతది. అందుకే రెండు పోట్లు. భూమి ఒక సుట్టు తిరిగే లోపల చంద్రుడు సుత కొంచెం ముందుకు జరుగుతడు. ఆయన్ని అందుకునేతందుకు ఇంకో యాభై నిమిషాలు పడతది. అంటే మొత్తం లెక్క 24 గంటల 50 నిమిషాలు. పోటుకూ ఆటుకూ నడుమ దగ్గరదగ్గర ఆరు గంటల పన్నెండు నిమిషాలు. ఇయ్యాల పది గంటలకు పోటు వస్తే, రేపు పది యాభై దరిదాపు వస్తది.

సూర్యుడు సుత గుంజుతడు, గని చంద్రునంత కాదు. అమాసకు, పున్నమికి ఇద్దరూ ఒక్క వరుసల ఉండి గుంజుతరు. అప్పుడు పోటు పెద్దది, ఆటు సుత పెద్దదే. నీళ్లు మస్తు ముందుకొస్తయి, మస్తు ఎనుకకు పోతయి. అష్టమి దిక్కు ఒకలు ఇటు, ఒకలు అటు గుంజుతరు గనుక తేడా తక్కువ ఉంటది. అంటే మీ ఇంట్ల గోడకు ఏలాడే క్యాలెండర్ సగం లెక్క చెప్తది. అవ్వ అమాస చూసి పని మొదలుపెడితే నవ్వుతం గని, సముద్రం కాడ అమాస చూసుకొని పోవుడు మూఢనమ్మకం కాదు, సైన్సు.

విశాఖ దగ్గర పున్నమి, అమాసలకు ఆటు పోట్ల నడుమ నీటి ఎత్తు తేడా దగ్గరదగ్గర ఒకటిన్నర మీటరు. "గింతేనా? నడుములోతు గదా" అంటరు. గా లెక్క పైకి. మనం నిలబడేది వాలు మీద. యాభై మీటర్లు పోతే ఒక్క మీటరు ఎత్తు పెరిగే సదును ఒడ్డు అనుకోండ్రి, ఒకటిన్నర మీటరు నీళ్లు లేస్తే డెబ్బై ఐదు మీటర్ల ఇసుక మునుగుతది. ఒడ్డు ఎంత సదునుగ ఉంటే నీళ్లు అంత దూరం వస్తయి. ఒడిశాల చాందీపూర్ అని ఒక బీచ్ ఉన్నది. ఆడ ఆటుకు సముద్రం ఐదు కిలోమీటర్ల దాక ఎనుకకు పోతదంటరు. జనం సముద్రం అడుగు మీదనే నడుస్తరు. మళ్ల అన్ని నీళ్లూ తిరిగొస్తయి. కెనడాల ఫండీ అఖాతంల అయితే నీళ్లు పదహారు మీటర్ల దాక లేస్తయి, అంటే ఐదంతస్తుల బిల్డింగు అంత. మన దిక్కు గంత లేదు. గని టెంటు మునగనీకె ఒక్క అడుగు నీళ్లు సాలు.

ఇగ టైం ముచ్చట. మన తూర్పు తీరంల పున్నమి, అమాసలకు పోటు దగ్గరదగ్గర పొద్దుగాల, రాత్రి తొమ్మిది దిక్కు వస్తది. మేము మూడున్నరకు పోయినప్పుడు ఇసుక అంత ఎడల్పు ఎందుకున్నదో ఇప్పుడు సమజైంది గదా? అది ఆటు టైం. అష్టమి దిక్కు పోటు చిన్నదే గని నడిరాత్రి దాటినంక, మూడు దిక్కు వస్తది. మంచి నిద్రల ఉండే టైం. ఊరును బట్టి, రోజును బట్టి మారుతది గనుక పోయే రోజు లెక్క చూసుకోవాలె. ఆడి బెస్తోళ్లను అడగాలె.

టెంటు ఏడ ఎయ్యాలె? తడి ఇసుక చూసి ఎయ్యొద్దు. ఒడ్డు మీద నడుసుకుంట పోతే ఎండిన నాచు, గవ్వలు, పుల్లలు, ప్లాస్టిక్ చెత్త ఒక గీత లెక్క కనబడతది. అది పోటు ఏడిదాక వచ్చిందో సముద్రం గీసిన గీత. అసొంటివి రెండు మూడు ఉంటే, నీళ్లకు అన్నిటికన్న దూరంగ ఉన్నదాన్ని చూడుండ్రి. దాన్ని దాటినంక, తీగలు అల్లుకున్న ఇసుక ఉంటది. ఆడికెళ్లి ఇంకా పైకి పోవాలె. సరుగుడు తోటలల్ల ఏస్తమంటే ముందు అడుగుండ్రి, ఆ తోట ఎవలిదో ఒకలిది అయ్యుంటది. ఆడ మంట మాత్రం పెట్టొద్దు. కింద రాలిన సరుగుడు ఆకు ఎండి ఉంటది, ఒక్క మిరుగు సాలు.

బండ్లోళ్లకు ఇంకో ముచ్చట. కత్తిపూడికెళ్లి కాకినాడ, అమలాపురం, నర్సాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగ ఒంగోలు దాక 216 నంబరు జాతీయ రహదారి ఉన్నది. గోదావరి పాయలు, కృష్ణ అన్నీ దాటుకుంట పోవచ్చు. మన బాసర కాడ, మన నాగార్జునసాగర్ కాడ చూసిన నీళ్లు ఆఖరుకు ఏడికి పోతయో కండ్లతోటి చూడాలంటే గీ తొవ్వ పట్టాలె. గని రోడ్డు ఇడిసి ఇసుకల బండి దించొద్దు. ముఖ్యంగ నది సముద్రంల కలిసే మొగల కాడ. ఆటు ఉన్నప్పుడు నడుమల ఇసుక దిబ్బలు తేలుతయి, నడిసి పోవచ్చు అనిపిస్తది. పోటు వచ్చినప్పుడు నీళ్లు ముందటికెళ్లే రావు, ఎనుక ఉన్న పల్లంల కెళ్లి నిండుతయి. తిరిగి చూసేసరికి తొవ్వ ఉండది.

ఈత వస్తది గదా అని ధైర్యం చేసేటోళ్లకు ఒక మాట. బాయిల, చెరువుల లోతు సంపుతది. సముద్రంల గుంజుడు సంపుతది. ఒడ్డుకు కొట్టిన అలల నీళ్లన్నీ తిరిగి లోపలికి పోవాలె గదా. అవి ఒక్కోపారి ఒక సన్నటి కాలువ లెక్క ఏర్పడి, జోరుగ లోపలికి పోతయి. చూస్తే ఆడ అలలు ఇరగవు, నీళ్లు నిమ్మలంగ, జర నల్లగ కనబడతయి. "గిక్కడ మంచిగుంది" అని మనోళ్లు ఆడనే దిగుతరు. చిక్కితే ఒడ్డు దిక్కు ఎదురీదొద్దు, రెక్కలు పడిపోతయి. గా కాలువ సన్నగుంటది గనుక ఒడ్డుకు సమానంగ పక్కకు ఈదాలె. బయటపడ్డంకనే ఒడ్డుకు తిరగాలె. చాత కాకుంటె ఎల్లెలకల తేలి చెయ్యి ఊపాలె. దోస్తును కాపాడుదామని ఇంకొకలు దుంకొద్దు. ట్యూబు, తాడు, ఖాళీ డబ్బా ఏదన్న ఇసిరి, 112 కు గని తీరరక్షక దళం 1554 కు గని ఫోన్ కొట్టాలె.

ఇంకో మాట. మనకు అది బీచ్. ఆడోళ్లకు అది చేను, కల్లం. ఇసుక మీద ఆడోళ్లు చేపలు ఎండబోస్తరు. అలివి వల గుంజేతందుకు పదుల మంది ఉత్త కాళ్లతోటి నిలబడతరు. మనం పగలగొట్టిన సీసా పెంక ఎవలి కాళ్లల్ల దిగుతది? మన వడ్ల కుప్ప మీదికెళ్లి ఎవడన్న బండి తోలితే ఊకుంటమా? ఏప్రిల్ 15 కెళ్లి జూన్ 14 దాక మర పడవల ఏట బందు ఉంటది. అప్పుడు ఆళ్లకు పైస ఆడదు. గా రోజులల్ల పోతే మీ చాయ, మీ అన్నం ఆడనే కొనుండ్రి. జనవరి కెళ్లి ఏప్రిల్ దాక రాత్రిపూట సముద్రపు తాబేళ్లు ఒడ్డెక్కి గుడ్లు పెడతయి. లైట్లు ఏస్తే అవి బెదిరి ఎనుకకు పోతయి. పిల్లలు సముద్రం ఇడిసి లైటు దిక్కు నడిసి సస్తయి. టెంటు కాడ లైట్లు తక్కువ పెడితే ఏం పోదు.

ఆఖరుకు ఒక్క ముచ్చట. సముద్రం ఎట్లుందో, అలలు ఎంత లేస్తయో దేశమంతటికీ చెప్పే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ ఏడున్నదో ఎరుకేనా? సముద్రం లేని మన హైదరాబాద్‌ల, ప్రగతినగర్‌ల. సునామీ హెచ్చరికలు సుత ఆడికెళ్లే పోతయి. ఆళ్ల వెబ్‌సైటుల అలల హెచ్చరికలు ఉంటయి. ఆడ గాలి లేకున్నా దూరాన పుట్టిన అలలు మన ఒడ్డును కొట్టొచ్చు గనుక ఇది సుత చూసుకొని ఎల్లాలె. మన గడ్డ మీద తయారైన సంగతి మన ఊరి పిలగానికి అందకనే ఆడు పోయి మునుగుతున్నడు.

ఎవలన్న మునిగితే "తాగి దిగిండ్రు" అని ఒక్క మాటతోటి చేతులు దులుపుకుంటరు. తాగుడు తప్పే, నేను ఎనకేసుకొస్తలేను. గని ఇయ్యాల్టి పోటు ఎన్ని గంటలకో తెలుగుల రాసిన బోర్డు ఎన్ని బీచ్‌లల్ల ఉన్నది? ఈత తెలిసిన కాపలాదారులు ఎంతమంది ఉన్నరు? చూడనీకె రమ్మని ప్రచారం చేసే సర్కారు, పానం కాపాడే బోర్డు పెట్టుడు సుత తన పనే అనుకోవాలె. మన బడులల్ల చెరువు ఈతతోటి పాటు సముద్రం గుంజుడు గురించి ఒక్క పూట చెప్పినా ఎన్ని ఇండ్లల్ల దీపాలు నిలబడతయో.

గట్లయ్యేదాక మన జాగర్త మనదే. పోండ్రి, తిరుగుండ్రి, సముద్రాన్ని కడుపునిండ చూడుండ్రి. గని ఒడ్డుకు పోంగనే ఫోన్ తీసే ముందుగాల, వల అల్లుకుంట కూసున్న ఎవలన్న ముసలాయన కాడికి పోయి, "తాతా, ఇయ్యాల పోటు ఎన్ని గంటలకు?" అని అడుగుండ్రి. ఆయన చెప్పినంకనే టెంటు ఇప్పుండ్రి.