సూక్ష్మజీవులు: ఆకారములు, స్వభావములు

గ్రామారోగ్యమును కాపాడవలసిన పంచాయతీ సభ్యులు కంటికి కనబడని శత్రువును ఎరిగియుండుట అవసరము. బాక్టీరియా ఏకకణ జీవులు. చీము పట్టించు కొన్ని రకములు గుండ్రముగా, గుత్తులుగా నుండును. టైఫాయిడు, క్షయ క్రిములు కడ్డీలవంటివి. కలరా క్రిమి కొడవలివలె వంగియుండును. అనుకూల పరిస్థితులలో కొన్ని 20 నిమిషములకే రెట్టింపగును.

వైరసులు వీటికంటె మిక్కిలి చిన్నవి. పోలియో వైరసు బంతివలె, పిచ్చికుక్క కాటువలన సోకు వైరసు తుపాకిగుండువలె నుండును. ఇవి ఇతర జీవకణములలో తప్ప వృద్ధిచెందజాలవు. జలుబునకు కారణము వైరసులే. కనుక యాంటీబయాటిక్ మందులు దానిపై పనిచేయవు.

ఈ మందులను అనవసరముగా వాడినను, వాటి అవశేషములు నీట కలిసినను, మందుకు లొంగని బాక్టీరియాయే మిగిలి వృద్ధిపొందును. ఇది మన ప్రాంతమునకు ముఖ్యవిషయము. సుమారు 90 మందుల కర్మాగారముల వ్యర్థజలము చేరుచుండిన పటాన్‌చెరు శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిలో, లీటరుకు 31 మిల్లీగ్రాములవరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనబడినదని స్వీడన్ శాస్త్రజ్ఞులు 2007లో ప్రకటించిరి. ఆనాడు ఆ నీరు ఇసకవాగు, నక్కవాగులమీదుగా మంజీరను చేరుచుండెను.

బ్లీచింగ్ పౌడరు క్రిములను చంపును. కర్మాగార రసాయనములనుకూడ తొలగించునని నమ్మరాదు. కావున బావినీటికి రసాయన పరీక్షయు చేయించుడనియు, వైద్యుని సలహా లేనిదే ఈ మందులు వాడవలదని గ్రామస్థులకు తెలుపుడనియు మేము కోరుచున్నాము.