లోతు సిరల కవాటాల శస్త్రచికిత్స

కాలి కండరాల మధ్య లోతుగా ఉండే సిరలలో చెడిపోయిన కవాటాలను సరిచేసే చికిత్సను లోతు సిరల కవాటాల శస్త్రచికిత్స అంటారు. రక్తం క్రిందికి జారకుండా తిరిగి గుండె వైపుకే ప్రవహించేటట్లు చేయడం దీని ఉద్దేశ్యం.

కవాటాల పని

సిర లోపలి గోడకు అక్కడక్కడ రెండేసి పలుచని రెక్కలు గల కవాటాలు ఉంటాయి. నడిచేటప్పుడు పిక్క కండరాలు బిగిసి రక్తాన్ని పైకి నెడతాయి. కండరాలు సడలినప్పుడు రెక్కలు మూసుకొని రక్తాన్ని ఆపుతాయి. ఇటలీ శాస్త్రవేత్త ఫాబ్రిషియస్ 1603లో ఈ కవాటాలను వర్ణించాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించడానికి వీటినే ఒక ఆధారంగా చూపాడు.

రెక్కలు వదులైనా, సిరలో రక్తం గడ్డకట్టి అవి పాడైనా రక్తం వెనుకకు పారుతుంది. అప్పుడు చీలమండ వద్ద పీడనం పెరిగి వాపు, బరువు, చర్మం నల్లబడటం, చివరకు మానని పుండు కలుగుతాయి.

బోదకాలుతో తేడా

నల్గొండ జిల్లాలోను, పరిసర ప్రాంతాలలోను బోదకాలు వ్యాధి చాలాకాలంగా ఉన్నందున, కాలు వాచితే బోదకాలేనని అనుకోవడం సహజం. బోదకాలులో ఫైలేరియా పురుగుల వలన దెబ్బతినేవి శోషరస నాళాలు, సిరలు కావు. సిరల వాపు కాలు ఎత్తి పడుకుంటే చాలావరకు తగ్గుతుంది. ముదిరిన బోదకాలు అలా తగ్గదు. సిరల జబ్బులో నలుపు, పుండు ఎక్కువగా చీలమండ లోపలి వైపున కనిపిస్తాయి. డాప్లర్ అల్ట్రాసౌండ్ పరీక్షలో రక్తం ఎటు పారుతున్నదో తెలుస్తుంది. బోదకాలు నివారణకు పంచే డి.ఇ.సి. మాత్రలు సిరల జబ్బును తగ్గించవు. ఒక కాలు అకస్మాత్తుగా వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. అది ఊపిరితిత్తులకు చేరితే ప్రాణాపాయం కనుక వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళాలి.

శస్త్రచికిత్స పద్ధతులు

* రెక్కలను బిగించడం: సిరను తెరచి, వదులైన రెక్కల అంచులను సన్నని కుట్లతో బిగిస్తారు. 1968లో హోనొలులులో రాబర్ట్ కిస్ట్నర్ దీనిని మొదటిసారి చేశాడు. సిరను తెరవకుండా బయటినుండి కుట్టే పద్ధతి కూడా ఉంది.
* సిర మార్పిడి: రెక్కలు పూర్తిగా నశిస్తే, ఆ సిరను మంచి కవాటం గల ప్రక్క సిరకు కలుపుతారు.
* కవాటం అమర్చడం: చంక సిరలోని కవాటమున్న ముక్కను తెచ్చి కాలి సిరలో అతుకుతారు.
* కొత్త కవాటం: సిర గోడ పొరతోనే రెక్కను తయారుచేస్తారు.

ఎవరికి అవసరం

ఇది మొదటి చికిత్స కాదు. బిగుతు మేజోళ్ళు లేదా పట్టీలు, నడక, పైసిరల చికిత్స, పొత్తికడుపు సిరలో అడ్డు ఉంటే స్టెంటు, ఇవన్నీ చేసినా పుండు మళ్ళీ మళ్ళీ వచ్చేవారికే దీనిని ఆలోచిస్తారు. శస్త్రచికిత్స తరువాత రక్తం గడ్డకట్టకుండా మందులు వాడాలి, మేజోళ్ళు మానరాదు.

మహబూబ్ నగర్ లో 2016లోను, నల్గొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమయ్యాయి. హైదరాబాదులోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో రక్తనాళాల శస్త్రచికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది.