మ్యూజియంలోని ఉల్క: అది వచ్చిన దారి

న్యూయార్క్ నగరంలోని అమెరికన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో సుమారు 31 టన్నుల బరువుగల ఇనుప ముద్ద ఒకటి ఉన్నది. దానిని మోసే స్తంభాలను భవనం క్రింది బండరాతి వరకు దింపవలసి వచ్చినది. గ్రీన్లాండు వాయవ్య తీరాన, కేప్ యార్క్ ప్రాంతంలో పడిన ఉల్కలో ఇదొక శకలం. ఇట్టి వస్తువు ఎక్కడిది, ఎట్లు వచ్చినది అని విచారించడం కూడా శాస్త్ర పరిశోధనయే.

1818లో జాన్ రాస్ అనే బ్రిటిష్ నావికుడు అచ్చటి ఇనూయిట్ ప్రజల వద్ద ఇనుప అంచుగల కత్తులు చూచినాడు. చెట్లు మొలవని ఆ మంచుదేశంలో కొలిమికి బొగ్గు లేదు. మరి ఇనుము ఎట్లు లభించినది? వారు ఉల్కను గట్టి రాళ్ళతో మోది, చిన్న రేకులు ఊడదీసి, కాల్చకుండానే సాగగొట్టి, ఎముక పిడులలో బిగించుకొనేవారు.

మ్యూజియంలలోని ప్రాచీన కత్తుల ఇనుము ఎక్కడిదో రసాయన పరీక్ష తెలుపగలదు. ఖనిజాన్ని కరగించి తీసిన ఇనుములో సాధారణంగా నికెల్ దాదాపు ఉండదు. గ్రీన్లాండులోని డిస్కో దీవి శిలలలో సహజంగా దొరకే ఇనుములో అది కొద్దిగా ఉంటుంది. కేప్ యార్క్ ఉల్కలోనో, నూటికి సుమారు 8 పాళ్ళున్నది. ఈ ఉల్క ఇనుము కెనడాలోని ఎల్స్‌మీర్ దీవి వరకు చేరినదని ఇట్టి పరిశీలనల వలన తేలినది. అనగా ఐరోపా నావికులు రాకముందే ఆ ప్రజల మధ్య దూరప్రాంత వర్తకం సాగినదన్నమాట.

అయితే ఉల్క న్యూయార్క్ చేరిన కథను రసాయనశాస్త్రం చెప్పజాలదు. అందుకు యాత్రికుల దినచర్యలు, ఉత్తరాలు, మ్యూజియం పట్టికలు, స్థానికుల నోటిమాటలు చూడవలెను. 1894లో రాబర్ట్ పియరీకి ఆ చోటు చూపినవాడు స్థానిక ఇనూయిటే. పియరీ 1895లో రెండు చిన్న శకలాలను, 1897లో పెద్దదానిని ఓడకెక్కించినాడు. తరువాత అవి 40,000 డాలర్లకు మ్యూజియం పాలైనవి.

1897నాటి ఓడలో ఆరుగురు ఇనూయిట్లు కూడా వచ్చినారు. కొద్ది నెలలలోనే వారిలో నలుగురు క్షయతో మరణించినారు. మృతులలో కిసుక్ అనే అతని కుమారుడు మినిక్ చిన్నవాడు. బాలుని ఎదుట ఉత్తుత్తి ఖననం జరిపి, తండ్రి అస్థులను మ్యూజియంలో భద్రపరచినారు. నిజం తెలిసిన పిదప మినిక్ అస్థులను కోరినాడు, ఇవ్వలేదు. అతడు 1918లో మరణించినాడు. నలుగురి అవశేషాలు స్వదేశం చేరి కానాక్ గ్రామంలో ఖననమైనది 1993లో.

వస్తువు ప్రక్కన వ్రాసియుంచే పేరు, తేదీ, దాత అను మూడు మాటలు దాని చరిత్రకు చాలవు. ఎవరు చూపినారు, ఎవరు ఇచ్చినారు, ఎవరిని అడుగలేదు అన్నవి కూడా అందులో చేరవలెను.