బండరాళ్ళ మీద జీపు ప్రయాణం

గంటకు ఒక మైలు! మీరు బడికి నడిచిపోయే వేగం అంతకన్న ఎక్కువే ఉంటుంది. అయినా, అంత నెమ్మదిగా జీపు నడిపినవాణ్ణి గొప్ప డ్రైవరని మెచ్చుకునే చోటు ఒకటి ఉన్నది.

అమెరికాలో కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రాల సరిహద్దున, సియెర్రా నెవాడా పర్వతాల నడుమ తాహో సరస్సు ఉన్నది. అది సముద్రమట్టానికి సుమారు 6,225 అడుగుల ఎత్తున ఉన్నది. దాని లోతు 1,645 అడుగులు. అక్కడి ఆదివాసులైన వాషో జాతివారి భాషలో సరస్సు అనే అర్థంగల మాటే తెల్లవాళ్ళ నోటపడి తాహో అయింది. కనక మనం తాహో సరస్సు అన్నప్పుడల్లా "సరస్సు సరస్సు" అంటున్నామన్నమాట!

ఈ సరస్సుకు పడమటగా ఉన్న కొండల మీదుగా రూబికన్ ట్రెయిల్ అనే దారి పోతుంది. దాని పొడవు సుమారు 22 మైళ్ళు. తూర్పు కొస తాహో ఒడ్డున తాహోమా అనే ఊరి దగ్గర ఉన్నది. 1887లో ఎల్ డొరాడో కౌంటీవారు దీన్ని ప్రజలందరి రోడ్డుగా ప్రకటించారు. ఆ రోజులలో దారి మధ్యన, రూబికన్ స్ప్రింగ్స్ అనే ఊటల దగ్గర, ఒక హోటలు కూడా ఉండేది. జనం గుర్రబ్బండ్ల మీద వచ్చి, ఊటనీరు తాగి పోయేవారు. తరవాత హోటలు పోయింది. బాగుచేసేవారు లేక రోడ్డు పాడయింది. మట్టి కొట్టుకుపోయి బండలు పైకి తేలాయి.

పాడయిన రోడ్డు ఎవరికి కావాలి? రెండవ ప్రపంచయుద్ధం తరవాత జీపులు కొన్నవారికి సరిగా అలాటిదే కావలసివచ్చింది! 1953లో 55 జీపులలో 155 మంది కలిసి ఈ దారిన ప్రయాణం చేశారు. ఆ యాత్ర పేరు జీపర్స్ జాంబోరీ. ఈ దారికి ఎంత పేరు వచ్చిందంటే, జీపు కంపెనీవారు తమ 2003 మోడలు బండి ఒకదానికి రూబికన్ అనే పేరే పెట్టారు.

ఇక్కడ రాళ్ళంటే గులకరాళ్ళనుకునేరు. కొన్ని బండలు జీపు చక్రంకన్న ఎత్తుగా ఉంటాయి. వెనకటి మంచుయుగాలలో హిమానీనదాలు ఈ కొండలను ఒరుసుకుంటూ పోయి, గ్రానైటు బండలను విరగదీసి, అక్కడక్కడా వదిలిపెట్టాయి. మామూలు కారు వీటి మధ్యకు వెళితే దాని అడుగుభాగం చీలిపోతుంది.

మరి జీపు ఎలా వెళుతుంది? ఎడ్లబండి మలుపు తిరిగేటప్పుడు చూడండి. లోపలివైపు చక్రం కొంచెమే తిరుగుతుంది. బయటివైపు చక్రం ఎక్కువ దూరం పోవాలి గనక ఎక్కువ తిరుగుతుంది. ఎద్దులు బండిని లాగుతాయేగాని చక్రాలను తిప్పవు. ఇరుసు మీద ఏ చక్రం పాటికి ఆ చక్రం తిరుగుతుంది. మోటారుబండిలో అలాకాదు, చక్రాలను ఇంజనే తిప్పాలి. మలుపులో రెండు చక్రాలూ వేరువేరు వేగాలతో తిరిగేటందుకు ఇరుసు మధ్య డిఫరెన్షియల్ అనే పళ్ళచక్రాల అమరిక ఉంటుంది. రోడ్డు మీద ఇది ఎంతో మేలు. కాని బండ ఎక్కేటప్పుడు ఒక చక్రం గాలిలోకి లేచిందనుకోండి. దాన్ని ఆపేదేమీ లేదు గనక అది గిర్రున తిరుగుతుంది. రాతి మీద ఆని ఉన్న రెండో చక్రం కదలదు. ఇంజను ఎంత రొదచేసినా జీపు అక్కడే ఉంటుంది!

దీనికి విరుగుడుగా, కావలసినప్పుడు ఆ పళ్ళచక్రాలకు తాళం వేసే ఏర్పాటు కనిపెట్టారు. మీట నొక్కగానే రెండు చక్రాలూ ఒక్కటిగా తిరుగుతాయి. నేలనున్న చక్రం జీపును ముందుకు నెడుతుంది. ఇంకొక ఉపాయం గేర్లలో ఉన్నది. ఇలాటి దారులకని చేసిన కొన్ని జీపులలో ఇంజను అరవైసార్లకు పైగా తిరిగితేగాని చక్రం ఒక్క చుట్టు తిరగదు. వేగం పోతుంది, బలం పెరుగుతుంది. టైర్లలో గాలి కూడా సగానికి తగ్గిస్తారు. మెత్తబడిన టైరు రాతిమీద పరుచుకుని గట్టిగా పట్టుకుంటుంది.

ఇన్ని ఉన్నా, డ్రైవరుకు తన చక్రం కింద ఏమున్నదీ కనిపించదు. అందుచేత ఒక మనిషి జీపుకు ముందు నడుస్తూ, "కొంచెం ఎడమకు, ఆగు, రా" అని చేతులతో సైగలు చేస్తాడు. డ్రైవరు రాళ్ళను మరిచిపోయి ఆ చేతులనే చూడాలి. సైగ చేసేవాడు ఒక్కడే ఉండాలి. నలుగురు నాలుగు రకాలుగా చేతులూపితే జీపు బోల్తాపడవచ్చు.

"ఇంత అవస్థ ఎందుకు? బండ పక్కనుంచి గడ్డి మీదుగా పోరాదా?" అని మీరు అడగవచ్చు. పోకూడదు. గడ్డి నలిగి చక్రాల గాడి పడుతుంది. మంచు కరిగిన నీరు ఆ గాడినే కాలవ చేసుకుని, మట్టిని కోసుకుంటూ వాగులో కలుస్తుంది. పడమటివైపు నీరు రూబికన్ నదిలోకి పోతుందిగాని, తూర్పువైపు నీరు మెకిన్నీ వాగు ద్వారా తాహోలోకే పోతుంది.

ఆ సరస్సు నీరు ఎంత తేటగా ఉన్నదో కొలవటానికి శాస్త్రజ్ఞులు పది అంగుళాల తెల్లని పళ్ళాన్ని తాడుకట్టి దింపుతారు. అది కంటికి కనపడకుండా పోయే లోతే లెక్క. 1968లో ఆ లోతు సగటున 102 అడుగులు. 2023లో 68 అడుగులే. పిండికన్న సన్నని మట్టిరేణువులు అడుగుకు దిగక, నీటిలో తేలుతూ వెలుతురును చెదరగొట్టటం దీనికి ఒక కారణం. ఆ మట్టి అంతా జీపుల మూలాన వచ్చిందనటం అన్యాయం. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్ళ రోడ్లనుంచి వచ్చేదే ఎక్కువ. అయినా జీపులవాళ్ళ తప్పు లేకపోలేదు. 2004లో స్పైడర్ లేక్ అనే మడుగు దగ్గర మనుషుల మలం పేరుకుపోయి, అక్కడ బసచేయరాదని అధికారులు నిషేధించారు. 2009లో, దారినుంచి మట్టి, నూనె నీటిలో కలవకుండా చూడాలని నీటి సంరక్షణ అధికారులు కౌంటీవారికీ, అడవి శాఖవారికీ ఉత్తరువు ఇచ్చారు.

దారి మూసేస్తారేమోనన్న భయంతో జీపులవాళ్ళే పారలు పట్టారు. వాననీరు దారివెంట పరుగెత్తకుండా పక్కకు మళ్ళించే గట్లు వేశారు. వాగులపై వంతెనలు లేచాయి. బండకు తగిలి ఇంజను నూనె కారితే పీల్చే గుడ్డలు వెంట తీసుకుపోతారు. మలాన్ని కూడా సంచీలలో కట్టి వెనక్కు తెస్తారు. జీపు చిక్కుకున్నప్పుడు ఇనపతాడును చెట్టుకు కట్టి లాగుతారుగదా, బెరడు కోసుకుపోకుండా చెట్టుచుట్టూ వెడల్పాటి పట్టీ వేసి, దానికే తాడు తగిలిస్తారు.

నేల బాగా నానినప్పుడు దారిని మూసే ఏర్పాటు కూడా ఉన్నది. ఆ రోజులలో ఎంత మంచి జీపు ఉన్నవాడైనా నేల ఆరేదాకా ఆగవలసిందే.