చేదుకట్టు – కోతకు మూడు పేర్లు

చేపను శుభ్రం చేసే ఇల్లాలు మొట్టమొదట జాగ్రత్తపడేది చేదుకట్టు విషయంలో. అది చిట్లినదా, కూరంతా చేదే. కాలేయానికి అంటుకొని ఉండే ఆ చిన్న తిత్తినే వైద్యులు పిత్తాశయం అంటారు. మనిషిలో కూడ అది కాలేయంలో పుట్టిన పైత్యరసాన్ని చిక్కబరచి దాచి ఉంచుతుంది. కొవ్వుపదార్థాలు తిన్నప్పుడు పేగులోనికి వదలుతుంది. ఆ తిత్తిని శస్త్రంతో తెరవడానికి పాశ్చాత్య వైద్యులు పెట్టుకున్న పేరు ‘కోలిసిస్టాటమీ’.

పలకడానికి కష్టమైనా, విడదీసి చూస్తే ఇది సులభమైన మాటే. గ్రీకుభాషలో ‘కోలే’ అంటే పైత్యం, ‘కిస్టిస్’ అంటే తిత్తి, ‘టోమే’ అంటే కోత. ఈ ముక్కలు మనకు బొత్తిగా కొత్తవి కావు. నేడు ఇంటింటా వినిపించే కొలెస్టరాల్‌లో ఉన్నది ఆ పైత్యమే. పిత్తాశయపు రాళ్ళలో కనబడిన పదార్థం గనుక ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రోల్ దానికి అటువంటి పేరు పెట్టినాడు. కోయ వీలులేనిదని అర్థమిచ్చే ‘ఆటం’ శబ్దంలో ఉన్నదీ ఆ కోతయే.

చిక్కంతా మాట చివరనే ఉన్నది. కోలిసిస్టాటమీ అంటే తిత్తిని కోసి తెరవడం. మధ్యలో ఒక ‘స’కారం చేరి కోలిసిస్టాస్టమీ అయినదా, ‘స్టోమా’, అనగా నోరు, వచ్చి చేరుతుంది: తిత్తికి బయటికి ద్వారం ఏర్పరచి, లోపలి ద్రవాన్ని వెడలించడమన్నమాట. కోలిసిస్టెక్టమీ అయితే తిత్తినే కోసి బయటికి తీసివేయడం. చెవికి మూడూ ఒకటిగానే వినిపిస్తవి. మొదటి రెండింటిలో తిత్తి కడుపులోనే ఉంటుంది, మూడవదానిలో ఉండదు.

ఈ భేదం మన ప్రాచీనులకు తెలియనిది కాదు. సుశ్రుతుడు శస్త్రకర్మలను ఎనిమిది విధాలుగా విభజించినాడు. కోసి వేరుచేయడం ఛేదనం, చీల్చి తెరవడం భేదనం, లోపలిదాన్ని వెలికి లాగడం ఆహరణం, స్రవింపజేయడం విస్రావణం. ఆయన వర్ణించిన అశ్మరీశస్త్రం మూత్రాశయానిదే గాని పిత్తాశయానిది కాదు. అయినా ఆ మాటలు ఇక్కడ అతికినట్లు సరిపోతవి. కోలిసిస్టాటమీ పిత్తాశయ భేదనం. కోలిసిస్టెక్టమీ పిత్తాశయ ఛేదనం. ఇంత చక్కని జంటను అటకమీద పెట్టి, రెంటికీ ‘శస్త్రచికిత్స’ అనే ఒక్క ముసుగు కప్పడం మన పరిభాషకర్తలకు తగని పని.

ఈ శస్త్రం పుట్టుక పొరపాటున జరిగినదే. 1867 జూన్ 15వ తేదీన అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో జాన్ బాబ్స్ అనే వైద్యుడు, అండాశయంలో గడ్డ ఉన్నదేమోనని ఒక స్త్రీకి ఉదరం తెరచినాడు. తీరా చూస్తే అది ఉబ్బిపోయిన పిత్తాశయం. ధైర్యం చేసి తిత్తిని కోసి, ద్రవాన్నీ రాళ్ళనూ తీసి, కోతను కుట్టి, తిత్తిని లోపలనే వదలి కడుపు మూసినాడు. క్రిమినాశక విధానాన్ని గురించి లిస్టరు తన వ్యాసాలు ప్రకటించడం ఆ సంవత్సరమే. ఆ స్థితిలో రోగి బ్రతకడమే విశేషం. ఆమె 1870లో మరణించిన ఆ వైద్యుని తరువాత కూడ చాలా ఏండ్లు జీవించినది.

అయితే బాబ్స్ తన శస్త్రానికి ఈ పేరు పెట్టలేదు. పిత్తాశయపు రాతిని తీసిన శస్త్రమనే వ్రాసుకున్నాడు. కోలిసిస్టాటమీ అనే పేరు 1878లో మేరియన్ సిమ్స్ పెట్టినాడు. (నీగ్రో బానిస స్త్రీలపై మత్తుమందు లేకుండా పదే పదే శస్త్రప్రయోగాలు చేసిన మచ్చ ఆయన కీర్తికి వీడనిది.) పారిస్‌లో ఆయన ఒక రోగి తిత్తిని తెరచి, దాని అంచులను ఉదరపు గాయానికి కలిపి కుట్టినాడు. రోగి దక్కలేదు. చిత్రమేమంటే, నేటి పరిభాషలో అది ‘స్టమీ’ అవుతుంది గాని ‘టమీ’ కాదు! పేరు పెట్టినవాని పని ఒకటి, పేరుకు తగిన పని చేసినవాడు మరొకడు.

ఆ పేరు పాతబడడానికి ఎంతో కాలం పట్టలేదు. 1882లో బెర్లినులో కార్ల్ లాంగెన్‌బుఖ్ తిత్తినే తీసివేసినాడు. రాళ్ళు మాత్రం తీస్తే, వాటిని పుట్టించిన తిత్తి మళ్ళీ పుట్టించవచ్చునన్నది ఆయన వాదం. 1985లో జర్మనీలోనే ఎరిక్ మ్యూహె చిన్న రంధ్రాలగుండా గొట్టాలు పంపి ఆ పని చేసి చూపినాడు. నేడు లోకమంతటా సాధారణంగా జరిగేది ఈ ఛేదనమే. పెద్ద శస్త్రానికి తట్టుకోలేని రోగికి చర్మంగుండా సన్నని గొట్టం పంపి చీము తీయడం ‘స్టమీ’.

మన ఇళ్ళలో మాత్రం అన్నిటికీ ఒకటే మాట: “రాళ్ళు తీశారు.” మూత్రపిండంలో రాయి తీస్తే మూత్రపిండం మిగులుతుంది గనుక, ఇక్కడా తిత్తి మిగిలే ఉంటుందని చాలామంది భావిస్తారు. సీసాలో పెట్టి ఇచ్చిన రాళ్ళను చూచి ఆ నమ్మకం బలపడుతుంది. అంగీకారపత్రంపై సంతకం చేసిన మనిషికి తన శరీరంలోనుండి ఒక అవయవం పోయినదని తెలియకపోవడం చిన్న సంగతి కాదు. గొట్టం వేయించుకొని నొప్పి తగ్గినవాని సంగతి ఇంకా చిక్కు: తిత్తి ఉన్నది, రాళ్ళూ ఉండవచ్చును, అతడు మాత్రం పని అయిపోయినదనుకొని ఇంటికి పోతాడు. ఏడాది తరువాత వేరే ఊళ్ళో కడుపునొప్పితో వచ్చి ‘రాళ్ళు తీశారు’ అంటే, అక్కడి వైద్యుడు ఏమని గ్రహించాలి? పాత చీటీలో వ్రాసినది ‘టమీ’యో, ‘స్టమీ’యో, ‘ఎక్టమీ’యో చూడవలసిందే. చీటీ పోయినట్లయితే స్కానింగు చేసి తిత్తి ఉన్నదో లేదో వెదకవలసిందే.