వంట ఒకచోట... పడక మరోచోట!

అమెరికాలోని ఎల్లోస్టోన్ నేషనల్ పార్కులో షొషోనీ సరస్సుకు రోడ్డు లేదు. అడవి దారిన నడిచి వెళ్ళాలి. లేదంటే లూయిస్ సరస్సులో పడవ వేసుకుని, రెండింటినీ కలిపే పాయలో ఎదురు తెడ్డు వేయాలి. ఆ పాయలో చివరి మైలుకు వచ్చేసరికి తెడ్లు పనిచేయవు. నీళ్ళలోకి దిగి, కాళ్ళు కొంకర్లుపోయే చలిలో పడవను తాడుతో లాక్కుంటూ పోవాల్సిందే. మోటారు పడవల్ని అటు రానివ్వరు. ఇంత కష్టపడి చేరితే సుమారు 7,800 అడుగుల ఎత్తున పైన్ అడవి మధ్య విశాలమైన నీళ్ళు, పడమటి కొసన ఆవిర్లు చిమ్మే వేడినీటి బుగ్గలు. రాత్రికి గుడారం వేసుకోవడానికి అంతకన్నా అందమైన చోటు దొరకదు. గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగే చోటు కూడా అదే.

అందుకే చీకటి పడకముందే ఒక పని ముగించాలి. శిబిరం దగ్గర చెట్ల మధ్య ఎత్తుగా అడ్డదూలం కట్టి ఉంటుంది. తాడు కొసకు బరువు కట్టి దాని మీదుగా విసరాలి, అదీ ఒక్కసారికి పడదు. తిండి సంచిని లాగి కట్టాక అది నేలకు 10 అడుగుల ఎత్తున, చెట్టు మానుకు 4 అడుగుల ఎడంగా వేలాడాలి. సంచిలో తిండి ఒక్కటే పెడితే చాలదు. టూత్‌పేస్టు, సబ్బు, పెదాలకు రాసుకునే బామ్, వండిన గిన్నెలు, చెత్త... వాసన వచ్చేదల్లా పైకెక్కాలి. పడుకునే గుడారం వంట చేసిన చోటికి 100 గజాల దూరంలో ఉండాలి.

అమెరికాలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు లాంగ్ వీకెండ్ వచ్చిందంటే ఇలాంటి పార్కులకు బయల్దేరుతుంటారు. బ్యాగులో పులిహోర, ఆవకాయ, కారప్పూస ఉండనే ఉంటాయి. ఇంగువ పోపు వేస్తే పక్కింటివాళ్ళకు తెలిసిపోతుంది. ముక్కును నమ్ముకుని బతికే ఎలుగుకు తెలియకుండా ఉంటుందా?

ఈ నియమాల వెనక ఒక ఘోరం ఉంది. మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్కు 1910లో ఏర్పడింది. 57 ఏళ్ళపాటు అక్కడ ఎలుగుబంటి ఒక్కరినీ చంపలేదు. 1967 ఆగస్టు 13 తెల్లవారేలోగా రెండు వేర్వేరు చోట్ల రెండు గ్రిజ్లీలు ఇద్దరు అమ్మాయిల్ని చంపేశాయి. ఇద్దరికీ పంతొమ్మిదేళ్ళే. ఒకచోట, కొండమీది బస వెనక పారబోసే ఎంగిలి కోసం ఎలుగులు రాత్రిళ్ళు వచ్చేవి, వాటిని చూడటం యాత్రికులకు వినోదం. రెండోచోటు ట్రౌట్ సరస్సు ఒడ్డు. అక్కడి ఎలుగు ఆ వేసవంతా శిబిరాల మీద పడి తిండి లాక్కుంటూనే ఉంది. తర్వాత దాన్ని కాల్చి చంపి చూస్తే బక్కచిక్కి ఉంది, పళ్ళలో గాజు పెంకులు ఇరుక్కుని ఉన్నాయి. చెత్తలో తిండి వెతుక్కున్న గుర్తులవి. ఆ పాపం ఎలుగుది కాదు, దానికి మన తిండి రుచి చూపించినవాళ్ళది. ఎల్లోస్టోన్‌లోనూ ఒకప్పుడు చెత్తకుప్పల దగ్గర బల్లలు వేసి మరీ ఎలుగుల్ని చూపించేవారు. 1970 నాటికి ఆ కుప్పలన్నీ మూయించారు. 1975లో గ్రిజ్లీకి చట్టరక్షణ వచ్చింది.

ఇక ఎలుగు మీదికొస్తే కొట్టే బేర్ స్ప్రే. అందులో మంట పుట్టించేది మన మిరపకాయలోని కారమే. డబ్బా నడుముకు ఉండాలి, బ్యాగు అడుగున ఉంటే లేనట్టే. ఎలుగు మీదికి దూకుతూ 30 నుంచి 60 అడుగుల దూరంలోకి వచ్చాక కొట్టాలి. దోమల మందులా ఒంటికీ గుడారానికీ చల్లుకోకూడదు. విమానంలో తీసుకెళ్ళనివ్వరు కాబట్టి అక్కడికి చేరాకే కొనుక్కోవాలి. ఎలుగు కనిపిస్తే పరుగెత్తొద్దు, గంటకు 50 కిలోమీటర్లకు పైగా పరుగెత్తే జంతువుతో పందెం పనికిరాదు. ఉలిక్కిపడ్డ గ్రిజ్లీ మీదపడితే బోర్లా పడుకుని, మెడ వెనక చేతులు పెట్టుకుని కదలకుండా ఉండాలి. రాత్రి గుడారంలోకే చొరబడితే మాత్రం చేతికందిన దానితో తిరగబడాలి. అది భయంతో వచ్చింది కాదు, తిండి కోసం వచ్చింది.

షొషోనీ ఒడ్డున రాత్రి ఉండాలంటే పర్మిట్ తప్పనిసరి. అది తీసుకునేటప్పుడే, మీ శిబిరం దగ్గర ఈమధ్య ఎలుగు తిరిగిందేమో రేంజర్‌ను అడగండి. తిరిగిందంటే మరో చోటు అడిగి తీసుకోండి.